ఇరవై నాలుగు గంటల నొప్పి

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి నేను జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. మిషను పక్కన నేల మీద ఎలీసమ్మ కూర్చుని ఉంది. ఆమె మొగుడు అంకయ్యని నిన్న సాయంత్రం అయిదింటికి పోలీసులు తీసుకెళ్ళారు. ఇవాళ అయిదులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, లేదంటే వదిలేయాలి. ఎస్సై ప్రసన్నకుమార్ వదిలే రకం కాదు. నాలుగింటికల్లా జీపు బయల్దేరుతుందని స్టేషన్లో చెప్పేశారట. ఒక్కసారి జైలుకి పోతే అంకయ్య మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పగలిగిన ప్లీడరు ఎలీసమ్మకి లేడు. మా దగ్గరకొచ్చింది. మా చేతిలో ఉన్నది నాలుగు గంటలు.

మా చేతిలో అన్నాను గానీ బోర్డు మీద ఉన్నది మా ఆయన పేరొక్కటే. 'మొహిద్దీన్ బాషా, ప్రైవేట్ డిటెక్టివ్' అని పసుప్పచ్చ అక్షరాలు, దాని కింద చిన్నగా 'జాకెట్లు, లంగాలు కుట్టబడును'. పన్నెండేళ్ళు ఆయన బీమా కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగి, చచ్చిపోయాయన్న గేదెలు నిజంగా చచ్చాయో లేదో తేల్చే పని చేశాడు. గేదెల దగ్గర తేలిందిగా, మనుషుల దగ్గర తేలకపోతుందా అని ఆ ఉద్యోగం మానేసి ఈ బోర్డు పెట్టాడు. నా పేరు షాజాదీ. ఇల్లు నా మిషను మీద నడుస్తోంది, ఈ సంగతి ఆయన కూడా కాదనడు.

కేసు చెబుతాను. మా ఊళ్ళో అందరూ కామందు అని పిలిచే పెద్ద రైతుకి సింహాద్రి అని ఒంగోలు ఎద్దు ఉంది. బండలాగుడు పోటీల్లో మూడేళ్ళుగా దాని జతకి ఎదురులేదు. ఈ ఆదివారం మళ్ళీ పోటీ. అలాంటి ఎద్దు మొన్న సోమవారం పట్టపగలు కొట్టంలోంచి మాయమైంది. అంకయ్య కామందు దగ్గర ఇరవై ఏళ్ళ నుంచి పాలేరు, సింహాద్రిని దూడప్పట్నుంచీ పెంచింది అతనే. ఆ టైముకి ఎద్దు మేతకి పిల్లిపెసర కోసుకురావడానికి చేలోకి వెళ్ళాడు. చేలోంచి చూస్తే కాలవకట్ట మీద పేరయ్య సింహాద్రిని తోలుకుపోతూ కనబడ్డాడట. చీరాల బస్సు అప్పుడే దాటింది కాబట్టి పదకొండు గంటలని చెప్పాడు. పేరయ్యకీ ఎడ్ల జత ఉంది. మూడేళ్ళుగా సింహాద్రి వెనక రెండో స్థానంలో నిలబడి నిలబడి విసిగిపోయి ఉన్నాడు.

ఇంతవరకూ తేలికే. వచ్చిన చిక్కల్లా ఒకటే. సోమవారం పదీ నలభై నుంచి పదకొండూ ముప్పై అయిదు దాకా పేరయ్య మహిమ డాక్టరమ్మ ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. అపెండిక్స్ తీశారు. రిజిస్టర్లో పేరుంది, టైముంది. బల్ల మీద ఉన్నవాణ్ణి కట్ట మీద చూశానన్నాడు కాబట్టి అంకయ్య అబద్ధాలకోరు, అబద్ధం ఎందుకాడాడంటే దొంగ తనే కాబట్టి. ఇదీ ఎస్సై గారి లెక్క. ఎలీసమ్మ మాత్రం తన మొగుడు తాగితే పాటలు పాడతాడు గానీ అబద్ధాలాడడని చెప్పింది. నేను నమ్మాను. మా ఆయన నమ్మడానికి ఇంకా ఆధారాలు కావాలన్నాడు, చెప్పులేసుకుంటూనే.

పేరయ్య ఇంటికి చేరేసరికి పన్నెండూ నలభై. ఆపరేషనైన మనిషిని చూడబోతూ ఉత్త చేతులతో వెళ్ళకూడదు కాబట్టి ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు పట్టుకెళ్ళాం. వసారాలో గోడవారన అప్పటికే పదకొండు బ్రెడ్డు ప్యాకెట్లు పేర్చి ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. మాదాన్ని పన్నెండోదిగా పైన పెట్టి మా ఆయన నావైపు చూశాడు. ఎలీసమ్మని వీధి అరుగు మీద కూర్చోమన్నాం.

పేరయ్య నవారు మంచం మీద పడుకుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, బండలాగే ఎద్దుల్ని అదిలించే మనిషి కాబట్టి గొంతూ ఒళ్ళూ గట్టివి. చొక్కా లేదు. బొడ్డు కింద నుంచి నడుం చుట్టూ మందంగా తెల్లటి కట్టు. పక్కనే టీవీ మీద ఒక గాజు సీసా, అందులో చిటికెన వేలంత ముక్క, మందునీళ్ళలో పాలిపోయి తేలుతోంది. సీసాకి చీటీ అంటించి పేరయ్య అని రాసి ఉంది. మా వైపు పొట్ట కోసి ఏం తీసినా ఇంట్లోవాళ్ళని పిలిచి చూపించాలి, చూపించకపోతే ఊరికే కోసి కుట్టేశారని ఊరంతా చెప్పుకుంటారు. పేరయ్య తల్లి కోటిరత్నమ్మ చూసి ఊరుకోలేదు, అడిగి ఇంటికి తెచ్చుకుంది. వచ్చినవాళ్ళందరికీ ఆ సీసా ఎత్తి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైన కాగితం చూపించినట్టు చూపిస్తోంది. ఎస్సై అయితే నిన్న వచ్చి దాన్ని కొలిచి పంచనామాలో 'అపెండిక్స్ ఒకటి, మూడంగుళాలు' అని రాసుకుని పోయాడట.

మా ఆయన స్టూలు లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు, మత్తుసూది ఎక్కడ వేశారు, ఇంటికి ఎప్పుడు పంపారు. పేరయ్య అన్నీ టకటకా చెప్పాడు. సూది వెన్నులో వేశారు, నిన్న పొద్దున పంపారు. తమ్ముడు వెంకయ్య కనబడడేమని అడిగితే, చీమకుర్తి క్వారీలో లారీ తోలడానికి పోయి పదిహేను రోజులైందన్నాడు. చెబుతున్నంతసేపూ అతని అరచెయ్యి బొడ్డు చుట్టూ తిరుగుతోంది. నుదుటి మీద చెమట. కోత కుడిపక్కన పడితే మనిషి మధ్యలో పట్టుకుంటాడేంటి అని నాకొక అనుమానం వచ్చింది గానీ, నేను కుట్టేది జాకెట్లు, పొట్టలు కాదు కదా అని ఊరుకున్నాను.

అప్పుడు మా ఆయన, మొదటిసారి గ్యాసు ఎప్పుడు పోయిందని అడిగాడు.

నవ్వకండి. పొట్ట కోసిన మనిషి ఉన్న ఇంట్లో ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. అది పోయేదాకా నర్సు నోట్లో చుక్క నీళ్ళు పోయనివ్వదు. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ కూర్చుని ఎదురుచూస్తారు. పోయిందని తెలిస్తే పక్క మంచాలవాళ్ళు కూడా సంతోషపడతారు. పోయినవాడు ఆ ఘడియని జన్మలో మర్చిపోడు.

పేరయ్య కాస్త ఆలోచించి, సోమవారం సాయంత్రం అన్నాడు.

"సోమారం ఎక్కడరా, మంగళారం తెల్లారుజామున నాలుగింటికైతే!" అని వంటింట్లోంచి కోటిరత్నమ్మ సరిదిద్దింది. తను లేచి తూర్పుకి తిరిగి దణ్ణం కూడా పెట్టుకుందట. మా ఆయన పుస్తకంలో రెండు టైములూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, కిందిదాని కింద గీత గీశాడు.

బత్తాయిలు ఇచ్చే వంకతో నేను వంటింట్లోకి నడిచాను. మగ డిటెక్టివులకి వసారా దాటి లోపలికి పోయే వీలుండదు. నాకు పీట వేసి కూర్చోబెడతారు. పొయ్యి పక్కన పెద్ద గిన్నెలో గోంగూర పప్పు, ఎండుమిరపకాయలు దండిగా వేసి తాలింపు పెట్టింది. రోట్లో పండుమిరప పచ్చడి. ఇంకో పక్క చిన్న గిన్నెలో బీరకాయ కూర. కారం లేదు, చింతపండు లేదు, నూనె చుక్క తేలడం లేదు. దాని పక్కన మెత్తగా గంజిలా ఉడికించిన అన్నం. పాపం, కోటిరత్నమ్మ కొడుక్కి పత్యం బాగానే చేస్తోందనుకున్నాను.

ఆవిడ కంచంలో అన్నం పెట్టి, రెండు గరిటెలు గోంగూర పప్పు వేసి, పక్కన పచ్చడి పెట్టి, వసారాలోకి తీసుకెళ్ళి పేరయ్య ముందు పెట్టింది. అతను చూసి మొహం తిప్పుకున్నాడు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని సణుక్కుంటూ ఆవిడ వెనక్కి వచ్చింది. బీరకాయ కూర, మెత్తటన్నం పళ్ళెంలో పెట్టి దొడ్లోకి బయల్దేరింది. దొడ్డి చివర మిరపకాయల బస్తాలు పెట్టుకునే రేకుల గది ఉంది.

"ఎవరికి పిన్నిగారూ?" అన్నాను.

"కుక్కకమ్మా," అంది.

మా ప్రాంతంలో కుక్కలకి కూడా కారం అలవాటే. బీరకాయ చెక్కు తీసి, గింజ తీసి, కారం తగలకుండా మెత్తగా వండి పళ్ళెంలో పెడితే తప్ప తినని కుక్క ఈ ఊళ్ళో ఎప్పుడు పుట్టింది? సరే, కుక్క మాట వదిలేద్దాం. కుట్లు పడి మూడు రోజులైన కొడుక్కి ఏ తల్లయినా పప్పు పెడుతుందా? పప్పు తింటే కుట్లు చీము పడతాయి. డాక్టర్లు ఈ మాట ఒప్పుకోరు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ తల్లీ ఈ విషయంలో డాక్టరు మాట వినదు. పోలీసులకి అబద్ధం చెప్పమంటే చెబుతుంది, కొడుకు పేరు మార్చి చెప్పమంటే చెబుతుంది, పత్యం దగ్గర మాత్రం పొరపాటు చెయ్యదు. కోత పడ్డ పొట్ట వసారాలో లేదు, రేకుల గదిలో ఉంది.

మా ఆయన్ని అరుగు మీదకి పిలిచి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. అన్నదమ్ములిద్దరూ ఒక్క పోలికే అని, సోమవారం బల్ల మీద పడుకున్నది వెంకయ్య అని, తనకి గ్యాసు దగ్గరే సగం తెలిసిపోయిందని అన్నాడు. మిగతా సగం నేను చెప్పానని ఒప్పించేలోగా వీధిలో జీపు ఆగింది.

ఎస్సై ప్రసన్నకుమార్ దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి. మా ఆయనకీ ఆయనకీ పాత పేచీ ఉంది. ఒకసారి ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని మా ఆయన తేల్చాడు, అప్పట్నుంచీ మా బోర్డు చూస్తే ఆయనకి కడుపులో మంట. రోగి ఇంటికొచ్చి వేధిస్తున్నారని ఎవరో కబురు చేశారట. మా ఆయన తాపీగా గ్యాసు టైములు చదివి వినిపించాడు. ఎస్సై వాటిని చెవిన పెట్టలేదు. తన దగ్గర రిజిస్టరు ఉంది, సీసా ఉంది, కట్టు ఉంది, మూడు సాక్ష్యాలు ఉండగా పిత్తుల మీద కేసు కట్టమంటారా అన్నాడు. అప్పుడు నేను బీరకాయ కూర సంగతి చెప్పాను.

"మేజిస్ట్రేటు గారి ముందు గిన్నెడు కూర పెట్టమంటావా అమ్మా?" అన్నాడు.

"కూర కాదండి సాక్ష్యం, వండినావిడ. కట్టు విప్పించండి, లేదా ఆ రేకుల గది తలుపు తీయించండి. రెండిట్లో మీకేది తేలికైతే అది."

కోటిరత్నమ్మ రెండు చేతులూ చాచి దొడ్డి గుమ్మానికి అడ్డం నిలబడింది. ఎనిమిదో రోజు దాకా కట్టు విప్పొద్దని డాక్టరమ్మ చెప్పిందని పేరయ్య మంచం మీంచి అరిచాడు. వారంటు లేకుండా ఇల్లు వెతకడానికి నువ్వెవరివి, నేనెవర్ని అని ఎస్సై కర్ర అడ్డం పెట్టాడు. మాకు మేం వాదించుకుంటుంటే అరుగు మీద ఎలీసమ్మ లేచి నిలబడి, జీపులో వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది. ఎవరూ లేరు. ఒకటీ ఇరవై అయిదు అయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అంతలో పేరయ్య మూలిగాడు. ఇందాకటి మూలుగు కాదు ఇది. చెయ్యి బొడ్డు మీంచి జారి కుడిపక్కకి, కట్టు మీదకి వచ్చింది. కుడి మోకాలు పొట్టలోకి ముడుచుకున్నాడు. మంచం పట్టె మీదకి వంగి పచ్చటి పసరు కక్కాడు. ముట్టుకుంటే ఒళ్ళు కాలుతోంది.

ఎస్సైకి పండగైంది. చూశారా, కుట్లున్న మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి ఎంత పని చేశారో, ఇతనికేమన్నా అయితే మీ ఇద్దరి మీదా కేసు రాస్తాను అన్నాడు. కానిస్టేబులు సాయంతో పేరయ్యని జీపు ఎక్కించాడు. కోటిరత్నమ్మ జీపు వైపు నాలుగడుగులు పరిగెత్తింది, ఆగి దొడ్డి వైపు చూసింది, మళ్ళీ జీపు వైపు వచ్చింది. ఆవిడ ఇంకా తేల్చుకోలేదు, జీపు వెళ్ళిపోయింది. మేం ముగ్గురం ఆటో పట్టుకుని వెనకే పోయాం.

ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి రెండూ పది. మహిమ డాక్టరమ్మకి యాభై దాటాయి. మాట కరుకు, చెయ్యి మెత్తన. పేరయ్యని బల్ల మీద పడుకోబెట్టి నాలుక చూసింది, జ్వరం చూసింది, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందని అడిగింది. పొద్దున బొడ్డు దగ్గర, ఇప్పుడు కుడిపక్క కింద అని చెప్పాడు. కట్టు పక్కన వేళ్ళతో మెల్లిగా నొక్కింది. మూలిగాడు. వేళ్ళు ఒక్కసారిగా తీసేసింది. అప్పుడు పెట్టాడు కేక, వరండాలో వాళ్ళంతా గుమ్మం దగ్గరకొచ్చారు. నొక్కినప్పటికంటే వదిలినప్పుడు ఎక్కువ నొప్పి వస్తే లోపల వాచినట్టు అని ఆవిడ నర్సుకి చెప్పింది. తర్వాత కేసు షీటు తెప్పించి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది అచ్చం ఇరవై నాలుగ్గంటల నొప్పి లాగే ఉంది. కానీ సోమవారం నేనే తీసేశానుగా," అంది.

ముసలివాళ్ళు అపెండిక్స్ నొప్పిని అలాగే అంటారు. ఇరవై నాలుగు గంటల్లో మనిషో నొప్పో తేలిపోవాలని. డాక్టరమ్మ కత్తెర అందుకుని, కుట్లు చూడాలి కట్టు విప్పుతానంది. పేరయ్య ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎనిమిదో రోజు అన్నారు కదా, ఇవాళ మూడోరోజే అన్నాడు, పళ్ళ బిగువున. అంత నొప్పిలోనూ వాడి మొండితనం చూస్తే ఎద్దుల్నెలా అదిలిస్తాడో అర్థమైంది. ఎస్సై కూడా, మీరు చెప్పిన మాటే కదండీ అని వంత పాడాడు.

డాక్టరమ్మకి విసుగొచ్చింది. కట్టు విప్పనివ్వకపోతే తనేం చెయ్యలేదు. అపెండిక్స్ తీసేశాక ఇలాంటి నొప్పి వచ్చిందంటే లోపల ఏదో పెద్దదే జరిగి ఉండాలి, అది ఇక్కడ తెరిచే కేసు కాదు, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది. దారి రెండు గంటలు.

మా ఆయన గొంతు సర్దుకున్నాడు. "డాక్టరు గారూ, మాటవరసకి అడుగుతాను. ఇతనికి అపెండిక్స్ ఇంకా లోపలే ఉందనుకోండి. అప్పుడు?"

"అప్పుడైతే గుంటూరు దేనికి, ఇక్కడే గంటలో తీసేస్తాను. ఆలస్యం చేస్తే పగులుతుంది. పగిలితే చీము పొట్టంతా పాకుతుంది, బతకడం కష్టం. కానీ లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తియ్యను?"

పేరయ్య విన్నాడు. అతని కళ్ళు గోడ గడియారం మీద, ఎస్సై మీద, మా ఆయన మీద తిరుగుతున్నాయి. ఉందంటే ఎద్దు దొంగ. లేదంటే గుంటూరు దారిలో శవం. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెబుతాడులే అన్నట్టు ఆయన మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది. కేసు గెలవడానికి మనిషి చచ్చేదాకా నిలబడతావా అని ఆయన్ని పక్కకి నెట్టి నేనే బల్ల దగ్గరకి పోయాను. నాకంటే ముందు ఎలీసమ్మ వెళ్ళింది. ఎప్పుడు లోపలికొచ్చిందో మేం చూడలేదు. తన మొగుడికి ముప్పు తెచ్చిన మనిషి తల మీద చెయ్యి వేసింది.

"నా పెనిమిటి సంగతి ప్రభువు చూసుకుంటాడయ్యా. అది దాచుకుని చచ్చిపోతే మీ అమ్మ ఏమైపోద్ది? ఉంటే ఉందని చెప్పండి. ముందు మీరు బతకండి."

పేరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ చెయ్యి వదిలేసి, కట్టు విప్పండి అన్నాడు.

కత్తెర కింది నుంచి పైకి నడిచింది. కట్టు రెండు ముక్కలై పడింది. కింద కోత లేదు, కుట్టు లేదు, గీత లేదు. బోర్లించిన మూకుడులా నున్నటి పొట్ట. డాక్టరమ్మ వంగి చూసింది. తనకి మొహాలు గుర్తుండవని, పొట్టలు మాత్రం గుర్తుంటాయని, ఈ పొట్ట తనెప్పుడూ చూడలేదని చెప్పింది. ఎస్సై కూడా వంగి చూశాడు. మీ మందు బాగా పనిచేసినట్టుంది డాక్టరు గారూ, మచ్చ కూడా మిగల్లేదు అన్నాడు. ఆవిడ ఆయన వైపు ఒక్క చూపు చూసింది, ఆయన టోపీ సర్దుకుని వెనక్కి జరిగాడు.

అన్నీ బయటికొచ్చాయి. వెంకయ్యకి నెల కిందట నొప్పి వస్తే ఇంకో ఊరి డాక్టరు మందులతో తగ్గించి, ఆపరేషన్ తర్వాత చేయించుకోమన్నాడు. సోమవారం దానికి ముహూర్తం పెట్టి, అన్న పేరు రాయించి తమ్ముడు పడుకున్నాడు. తమ్ముడు బల్ల మీద ఉండగా అన్న కట్ట మీద ఉన్నాడు. అంకయ్య చూసింది నిజం. ఒకే ఇంట్లో అన్నకీ తమ్ముడికీ ఇది రావడం అరుదేం కాదని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు రోజుల్లో రావడం మాత్రం తన సర్వీసులో చూడలేదట.

ఎస్సై ఇవన్నీ రోగి జ్వరంలో పేలుతున్న మాటలని, తను లెక్కలోకి తీసుకోనని అన్నాడు. రెండూ నలభై. నాలుగింటికి జీపు బయల్దేరుతుందని మళ్ళీ గుర్తుచేశాడు. నాకు చెప్పు తీయాలనిపించింది. నేను తీసేలోపు నర్సు ఒప్పుదల కాగితం పట్టుకొచ్చింది. పొట్ట కోసేముందు రోగి తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అయినవాళ్ళు ఎవరూ రాలేదు. అయినవాళ్ళు లేకపోతే తీసుకొచ్చినవాళ్ళు పెట్టాలి, అది ఆసుపత్రి పద్ధతి. తీసుకొచ్చింది ఎస్సై.

డాక్టరమ్మ సోమవారం రిజిస్టరు ఒకసారి తిరగేసి, రెండుసార్లు మోసపోకూడదన్నట్టు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఈ రోగి పేరు పేరయ్య. ఇతనికి ఇదివరకు ఏ ఆపరేషనూ కాలేదు. అపెండిక్స్ లోపలే ఉంది. సోమవారం ఇతని పేరుతో ఆపరేషన్ చేయించుకున్నది ఇతని తమ్ముడు. రోగి వేలిముద్ర వేశాడు. కాగితం ఎస్సై ముందుకి వచ్చింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఇది పెడితే తన పంచనామా చిత్తుకాగితమని ఆయనకీ తెలుసు. ఆసుపత్రికి ఒక కాపీ చాలదా, ఇంత వివరం దేనికి అని నసిగాడు. సంతకం లేకపోతే ముట్టుకోను, మీ జీపులోనే గుంటూరు తీసుకుపోండి, దారిలో ఏమన్నా అయితే మీ జీపులోనే అవుతుంది అంది డాక్టరమ్మ. మా ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి మరీ అందించాడు. ప్రసన్నకుమార్, సబ్ ఇన్స్పెక్టర్, టైము మూడు గంటలు అని ఆయన సంతకం పెట్టాడు. పన్నెండేళ్ళ గేదెల ఉద్యోగంలో ఇంత అందమైన సంతకం చూడలేదని మా ఆయన నాతో గుసగుసగా అన్నాడు. ఆ కాగితానికి జిరాక్సు తీయించి నేను జాకెట్లో పెట్టుకున్నాను.

పేరయ్యని బండి మీద ఆపరేషన్ గదికి తోసుకుపోతున్నారు. గుమ్మం దగ్గర మా ఆయన చెయ్యి అందుకుని దగ్గరికి లాక్కున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఎద్దుని తోలుకుపోయింది నేనే. కొట్టం గొళ్ళెం తీసి పలుపు నా చేతికిచ్చింది మాత్రం కామందే."

సింహాద్రికి ముందుకాలు వాచిందట. ఆదివారం గెలవదు. ఓడిపోయిందనిపించుకోవడం కంటే ఎవడో ఎత్తుకుపోయాడంటే పరువు దక్కుతుంది. పేరయ్యకి మొదటి స్థానం, కామందుకి పరువు. కాలు వాచిన సంగతి తెలిసినవాడు అంకయ్య ఒక్కడే. అందుకే ఆ టైముకి అతన్ని పిల్లిపెసరకి పంపించింది కామందు, తర్వాత ఎస్సైకి అతని పేరు చెప్పిందీ కామందే. లోపల పడితే నోరు మూసుకుంటాడన్నాడట. ఎద్దు ఇప్పుడెక్కడుందని మా ఆయన అడిగాడు. పేరయ్య పెదాలు కదిలాయి గానీ నర్సు బండి లోపలికి తోసి తలుపు వేసేసింది.

ఇరవై ఏళ్ళు ఆ ఇంటికి చాకిరీ చేసిన చెయ్యి. దూడప్పట్నుంచీ ఆ ఎద్దుకి నీళ్ళు పెట్టింది, కడిగింది, దాని పక్కన పడుకున్నది అంకయ్య. ఇది ఎలీసమ్మకి ఎలా చెప్పాలో తెలియక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆమె వరండాలో బెంచీ మీద ఉంది. పక్కనే ఆసుపత్రి ఫోనులో ఎస్సై స్టేషనుకి మాట్లాడుతున్నాడు. అంకయ్యని వదిలేయమని చెప్పాడు. అవతలి మాట వింటూ ఉండగా ఆయన మొహం వికసించింది. ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. ఇక కాగితాలు, కేసులు ఏమీ అక్కర్లేదట. పేరయ్యని జీపెక్కించిన సంగతి ఊరంతా తెలిసిపోయింది. అరగంట కిందట కామందే స్వయంగా స్టేషనుకి వచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చి, నా మనిషిని నేను చూసుకుంటానని అంకయ్యని కారులో ఎక్కించుకుని వెళ్ళాడట. కారు ఊరి వైపు కాకుండా ఊరవతల పాడుబడ్డ పొగాకు బ్యారన్ కొట్టాల వైపు తిరిగిందని సెంట్రీ చెప్పాడు. గాలి పోసుకోవడానికి పోయుంటారని ఎస్సై నవ్వాడు.

మా ఆయన అప్పటికే గేటు దగ్గరికి పరిగెత్తి ఆటోని కేకేస్తున్నాడు. ఎలీసమ్మ రెండు చేతులూ జోడించి పైకి చూసి దణ్ణం పెట్టింది. కామందు మంచోడు షాజాదమ్మా, తన మనిషిని తనే వచ్చి తీసుకెళ్ళాడు అంది. మొహం నిండా నవ్వు. మా దగ్గరకొచ్చినప్పట్నుంచీ ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె కొంగు దులుపుకుని లేచి, చీకటి పడేలోగా ఇంటికి పోవాలి, ఆయనొచ్చేసరికి అన్నం వండి పెట్టాలి అంది.